తంబాకు వాసన లేని వేళ్లు

సాయంత్రం జగిత్యాల బస్సు దిగి ఇంటికి రాగానే భాగ్య మొదట చేసే పని కూతురి వేళ్లు వాసన చూడటం. చెప్పులు విప్పదు, మొహం కడగదు, మాస్కు మాత్రం గడ్డం కిందికి లాక్కుంటుంది. "చెయ్యి" అంటుంది. ఏడేళ్ల హన్విక ఎడమ చెయ్యి చాపుతుంది. ఆ పిల్ల దేనికైనా ముందు చాపేది ఎడమ చెయ్యే. భాగ్య ఒక్కో వేలూ ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. ముందు సబ్బు వాసన వస్తుంది. దాని కింద, సన్నగా, తడిసిన తునికాకు వాసన.

ఆకు వాసన దగ్గర భాగ్యను మోసం చెయ్యడం ఎవరి తరమూ కాదు. పదేళ్ల వయసు నుంచి పెళ్లయ్యే దాకా కోరుట్లలో బీడీలు చుట్టిన మనిషి ఆమె. అయితే ఒక్కటే తిరకాసు. పిల్ల వేళ్లకు ఆకు వాసన ఉంది కానీ తంబాకు వాసన లేదు. బీడీ చుట్టిన చేతికి తంబాకు ఘాటు ఒక పట్టాన వదలదు, అన్నం ముద్దలోకి కూడా వస్తుంది. ఆ ఘాటును ఏం పెట్టి వదిలిస్తున్నారు వీళ్లిద్దరూ అని బుర్ర బద్దలు కొట్టుకుందే తప్ప, అసలు అంటలేదేమో అన్న ఆలోచన ఆమెకు రాలేదు. అనుమానం పట్టుకున్న మనిషి బుర్ర అంతే, అటు దొర్లినా ఇటు దొర్లినా ఒకే చోట ఆగుతుంది.

వీళ్లిద్దరూ అంటే ఒకరు హన్విక. రెండోది భాగ్య కన్నతల్లి దేవవ్వ.

కరోనా వచ్చిన రెండో ఏడు అది. బడులకు తాళాలు పడి, పాఠాలు ఫోనులోకి వచ్చాయి. హన్వికది రెండో తరగతి. మామూలు బడిలోనే కుదురుగా కూర్చోని పిల్ల, ఫోను ముందు కూర్చుంటుందా? టీచరు గుడ్ మార్నింగ్ అనేలోపే మంచం కిందికి దూరేది. ఎక్కాల వేళకు మంచం పట్టె మీద నుంచి తలకిందులుగా వేలాడేది. ఒకరోజు ఫోను ఎత్తుకుపోయి పక్కింటి కొమురవ్వ మేకకు చూపించింది. తరగతిలో ఉన్న ముప్పై మందీ పాఠం వదిలి మేకను చూశారు. ఆ మేకేమో ఫోనును నాకబోయింది.

పక్కన కూర్చుని చూసుకునే మనిషి ఇంట్లో లేదు. భాగ్య భర్త కుమార్ సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేస్తాడు, ఆదివారం వస్తే వచ్చినట్టు. భాగ్యది జగిత్యాలలో ఒక ప్రైవేటు దవాఖానాలో రోగుల పక్కబట్టలు మార్చే పని. ఆ రోజుల్లో సెలవన్న మాట ఎత్తితే ఇక రేపటి నుంచి రావద్దనేవాళ్లు. ఇంట్లో ఉన్న ఒక్క పెద్ద ఫోనూ పిల్లకు వదిలేసి, తను బటన్ల ఫోను పట్టుకుని పొద్దున్నే బస్సెక్కేది.

జూలై మొదట్లో టీచరు రత్నమాల నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. "హన్విక మమ్మీ, పాప పది నిమిషాలు గూడ కూసుంటలేదండి. ఇంట్ల పెద్దోళ్లు ఎవరన్న పక్కన ఉండాలె. ఆగస్టు నడుమ నోటి పరీక్ష పెడుతున్నం. అండ్ల చెప్పకపోతే మళ్ల ఫస్ట్ క్లాసులనే కూసోబెడతమన్నరు సారు. ఏమనుకోకుండ్రి."

భాగ్య దాన్ని మూడుసార్లు విన్నది. తనకంటూ ఊళ్లో ఉన్న పెద్దమనిషి ఒక్కతే, రెండు గల్లీల అవతల ఉండే తల్లి. ఆమెను అడగాలా వద్దా అని నాలుగు రోజులు తన్నుకులాడింది. కన్నతల్లిని సాయం అడగడానికి నాలుగు రోజులేంటి అని మీకు అనిపించవచ్చు. దానికి ఇరవై ఒక్క ఏళ్ల వెనకటి కారణం ఉంది.

భాగ్య అప్పుడు ఐదో తరగతి. ఎక్కాల్లో ఆమెను కొట్టేవాళ్లు లేరు. రోజుకొక ఎక్కం సారుకు అప్పజెప్పాలి, పదహారు అయిపోయింది, మర్నాడు పదిహేడు. ఆ పొద్దున జడ వేసుకుంటుంటే దేవవ్వ వచ్చి ఒళ్లో చాట పెట్టింది. చాటలో కత్తిరించిన ఆకు, తంబాకు, దారపు కండె. "పది రోజులే బిడ్డా. నీ నాయిన లేశి తిరిగేదాంక" అంది. నాయిన నెల తిరక్కుండానే లేచి తిరిగాడు. పది రోజులు మాత్రం పన్నెండేళ్లయ్యాయి. మధ్యలో ఒకసారి సారు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి పిల్ల ఏదని అడిగితే, "దానికి కండ్లు నొస్తున్నయి సారూ" అని దేవవ్వ ముఖం మీదే అబద్ధం చెప్పింది. భాగ్య తలుపు వెనకే ఉంది.

చాట ఒళ్లో పెట్టినందుకు భాగ్యకు కోపం లేదు, ఆ గల్లీలో చాట ఒళ్లో పడని ఆడపిల్ల ఎవరు? ఆమెను తొలిచేది వేరే. పది రోజులే అన్నప్పుడు, ఆ మాట అంటున్నప్పుడే, అది అబద్ధమని తల్లికి తెలుసా? ఇరవై ఒక్క ఏళ్లుగా ఆ అనుమానం ఆమె లోపలే కూర్చుంది, ఒక్కనాడూ బయటపడి అడగలేదు. పెళ్లైన మర్నాడే, అప్పగింతలకు వచ్చిన ఆడవాళ్లందరి ముందూ, "నా కడుపున పుట్టినోళ్లు చాట ముట్టరు" అని గట్టిగా అనేసింది. తను కూడా మళ్లీ ఆకు ముట్టలేదు.

నాలుగో రోజు సాయంత్రం వెళ్లి తల్లితో చెప్పింది. "పొద్దున తొమ్మిదికి వచ్చి మధ్యాహ్నం దాంక పిల్లకాడ కూసో. చాట మాత్రం తేకు."

"చాట తేకపోతె ఎట్లనే. రోజు లెక్క బీడీలు పోకపోతె కార్డు తీసేస్తరు. నలభై ఏండ్ల కార్డు."

బీడీ కార్మికుల కార్డు పోతే ముసలితనానికి పింఛనూ పోతుంది, అది భాగ్యకూ తెలుసు. "సరే, తే. నీ మూలకు నువ్వు చేసుకో. నా బిడ్డ చెయ్యి అండ్ల పడొద్దు."

"సరే" అంది దేవవ్వ. ఎదురు మాట లేకుండా సరే అంది. భాగ్య అనుమానం అక్కడే మొదలైంది.

రెండు రోజులు పాత కథే నడిచింది. మూడో రోజు నుంచి హన్విక కూర్చోవడం మొదలుపెట్టింది. గంట, గంటన్నర. టీచరు నుంచి మెసేజ్. "ఏం మంత్రమేసిండ్రు మమ్మీ, పాప మస్తు మంచిగ ఇంటున్నది." ఇంకో తల్లైతే పిల్లకు దిష్టి తీసేది. భాగ్య నేరుగా తల్లి ఇంటికి పోయి అడిగింది.

"ఎట్ల కూసుంటున్నదే అవ్వా?"

"కూసుంటున్నది."

"ఊకెనే?"

"ఊకెనే."

రాత్రి పక్కలో పిల్లను అడిగింది. హన్విక దుప్పటి నోట్లో కుక్కుకుని, "అమ్మమ్మ చెప్పొద్దన్నది" అంది. ఇక నిద్రెక్కడిది?

ఆ తర్వాత ఏది చూసినా సాక్ష్యమే. నెల రావాల్సిన సబ్బు పదిహేను రోజులకే అరిగిపోయింది. గౌను జేబులో బీడీ దారం ముక్క దొరికింది, అడిగితే బొమ్మకు జడ వేశానంది పిల్ల. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క బొమ్మకు తలే లేదు. కొమురవ్వను కాస్త కనిపెట్టి చూడమంటే, "పాఠం షురూ కాంగనె మీ అవ్వ తలుపు దగ్గరేస్తది బిడ్డా" అని చెప్పింది. తలుపెందుకే అని తల్లిని అడిగితే, "గాలికి తంబాకు లేస్తది" అన్నది. నలభై ఏళ్లు అరుగు మీద కూర్చుని చుట్టినప్పుడు లేవని తంబాకు ఇప్పుడు లేచిందట.

పైగా దేవవ్వకు ఒక కంట్లో పొర వచ్చింది. చూపు తగ్గిన మనిషి మునుపటి లెక్క తప్పకుండా ఎలా ఇస్తోంది? ఎవరో చెయ్యి వేస్తుండాలి కదా. బస్సు కిటికీ పక్కన కూర్చుని భాగ్య రోజూ ఇదే నమిలేది. ముప్పై మంది పిల్లలు పాఠం వింటుంటే తన బిడ్డ ఒళ్లో చాట. మళ్లీ అదే చాట. మళ్లీ ఆమే పెట్టింది. ఆ మాట తోచినప్పుడల్లా ఒళ్లు మండిపోయేది, తల్లి మీద పాత కోపమూ కొత్త కోపమూ ఏది ఏదో తెలియకుండా కలిసిపోయేవి.

ఆగస్టు వచ్చింది. టీచరు ఇంకో మెసేజ్ పంపింది. "పాప జవాబులన్ని కరెక్టుగ చెప్తున్నది గని, కండ్లు ఎప్పటికి కిందికే ఉంటున్నయి మమ్మీ. ఒళ్లె బుక్కు గిట్ల వెట్టుకొని చూసి చెప్తున్నదా? జర కనిపెట్టుండ్రి." టీచరమ్మకు పుస్తకం మీద అనుమానం. ఒళ్లో ఏముందో భాగ్యకు అనుమానం కూడా కాదు, తేలిపోయింది. చేత్తో పట్టుకోవడమే మిగిలింది.

ఒక బుధవారం దవాఖానాలో ఇంకొకామెతో డ్యూటీ మార్చుకుని, ఎవరికీ చెప్పకుండా పదిన్నరకల్లా కోరుట్లలో దిగింది. తలుపు దగ్గరకు వేసే ఉంది. లోపల నుంచి ఫోనులో టీచరు గొంతు వినిపిస్తోంది. భాగ్య చెప్పులు చేత పట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు తోసింది.

బియ్యం డబ్బాకు ఆనించిన ఫోను. దాని ముందు చాప మీద హన్విక. ఒళ్లో చిన్న చాట. చాటలో ఆకు ముక్కలు, దారం, ఒక స్టీలు గిన్నె. పిల్ల ఎడమ చేతి వేళ్లు ఆకును చకచకా చుడుతున్నాయి.

భాగ్య ఒక్క అంగలో వెళ్లి గిన్నె లాక్కుంది. విసిరికొట్టబోయి, వేళ్ల కింద ఏదో మెత్తగా తగిలి ఆగింది. తంబాకు గరుకు కాదు. చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తవుడు. కొమురవ్వ మేకకు పెట్టే బియ్యపు తవుడు.

"ఆగు మమ్మీ, ఇప్పుడు టీచర్ నన్నే అడుగుతది" అంది హన్విక, తల ఎత్తకుండా.

"హన్విక, ఆరు తొమ్మిదులు?" అంది ఫోను.

"యాభై నాలుగు." వేళ్లు ఆగలేదు. దారం రెండు చుట్లు తిరిగి ముడిపడింది.

మూలలో తల్లి ఉండాల్సిన చోట కొమురవ్వ కూర్చుని ఉంది. భాగ్య గొంతు తగ్గించి అడిగింది. "మా అవ్వ ఏది?"

"కార్ఖానకాడికి పిలిపిచ్చిండ్రు బిడ్డా. జర పిల్లకాడ ఉండుమని పోయింది. పొద్దున ఇచ్చిన బీడీలల్ల ఒక కట్ట తవుడే ఉన్నదట. తంబాకు అమ్ముకొని తవుడు నింపుతున్నదని భూమన్న లొల్లి జేస్తున్నడు. కార్డు గుంజుకుంటడట."

హన్విక చేతులు అప్పుడు ఆగాయి. పాఠం సంగతి మరిచిపోయి తల్లి వైపు తిరిగింది. "గది నేనే కట్టిన మమ్మీ. ఇరవై అయిదు అయినయి. అమ్మమ్మ గంపల ఏసిన. అమ్మమ్మ పని జల్ది అయితదని."

ఒంటి కన్నుతో దేవవ్వ చూసుకోలేదు. జరిగింది అంతే.

భాగ్య కార్ఖానాకు పరుగు లాంటి నడకతో పోయింది. ఆకూ తంబాకూ ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు భూమన్న, గోనెపట్టా మీద ఆ కట్ట విప్పి పోసి నిలబడ్డాడు. సగం బీడీలు చిదిమి ఉన్నాయి, పట్టా నిండా తవుడు. గంపలతో వరుసలో ఉన్న ఆడవాళ్లంతా చూస్తున్నారు. దేవవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"ఎవలు చేసిండ్రు దేవవ్వా ఇవి?"

"నేనే చేసిన."

"మరి వీటి తంబాకు ఏది?"

దేవవ్వ కొంగు నోటికి ఇంకాస్త అదుముకుంది.

భాగ్య గుమ్మంలోనే ఆగిపోయింది. ఒక్క మాట చెబితే తల్లి దొంగతనం నుంచి బయటపడుతుంది. కానీ ఆ వరుసలో ఉన్నవాళ్లలో సగం మంది ఆ రోజు అప్పగింతలకు వచ్చినవాళ్లే. నిజం చెప్పాలి గనుక ఇది కూడా చెప్పాలి, ఒక్క క్షణం ఆమెకు లోపల చల్లగా అనిపించింది. సారు ముందు అంత తేలిగ్గా అబద్ధం చెప్పావు కదా, ఇవాళ అబద్ధం గొంతుకు అడ్డం పడనీ అనుకుంది.

అప్పుడే దేవవ్వ ఆమెను చూసింది. రక్షించమన్న చూపు కాదు. చెప్పకు అన్నట్టు, ఎవరికీ తెలియకుండా తల అడ్డంగా ఊపింది. కార్డు పోయినా సరే, పిల్ల పేరు ఇక్కడ రావద్దని. ఆ తల ఊపటం చూశాక భాగ్యకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"భూమన్నా, అవి మా అవ్వ చేసినయి కావు" అంటూ ముందుకొచ్చింది. "నా బిడ్డ చేసింది."

వరుసలో ఎవరో, "చాట ముట్టరన్నవు గదనే" అన్నారు. భాగ్య అటు చూడలేదు.

"అది గాదు, నేనే" అంది దేవవ్వ.

"నువ్వు ఊకో అవ్వా. దారం చూడు భూమన్నా. మా అవ్వ కుడికి చుడుతది. ఇవన్ని ఎడమకు ఉన్నయి. నా బిడ్డది ఎడమ చెయ్యి."

భూమన్న నమ్మలేదు. చిదమని బీడీ ఒకటి వెలుతురుకు పెట్టి చూశాడు. దేవవ్వ గంపలోంచి ఇంకో కట్ట లాగి, దానితో పోల్చాడు. మరో రెండు కట్టలు విప్పి చిదిమాడు, అన్నిటిలో తంబాకే ఉంది. అప్పటికి గాని అతని మొహం మారలేదు. "ఆటకైతె ఆకు చుట్టొచ్చు. తవుడెందుకు నింపుడు?"

భాగ్య కూడా తల్లి వైపే చూసింది.

దేవవ్వ కొంగు నోటి మీద నుంచి తీసింది. "దాని చేతులు ఊకుండయి భూమన్నా. చేతులకు పనుంటెనే దాని చెవులు ఇంటయి. మనం ఇనలేమా, ఊరు ముచ్చట్లన్ని ఇట్ల చుట్టుకుంటనే గద ఇన్నం. ఉట్టి ఆకిస్తె చుట్టు నిలువదు, లోపట ఏదన్న ఉండాలె. పసిపిల్లకు తంబాకు ఎట్లిస్త? తవుడిచ్చిన."

భూమన్న తల గోక్కున్నాడు. "పిల్లలతోని చేపిచ్చినట్టు తెలిస్తె మందలిచ్చుడు గాదు, కార్ఖానకే తాళం పడుతది. ఆటకైనా సరే. కార్డు ఉంచుత గని, పది రోజులు నీకు ఆకియ్య."

పది రోజులు. తల్లీ కూతుళ్లు ఇద్దరూ ఆ మాట విన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

దారిలో భాగ్య అడిగింది. "నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నమ్ముతుంటివా?"

నాలుగిళ్లు దాటాక భాగ్య, "నమ్మకపోతుంటి" అంది.

"గందుకే చెప్పలే."

ఆ పది రోజుల్లో ఆరో రోజున హన్విక నోటి పరీక్ష వచ్చింది. భాగ్య మళ్లీ డ్యూటీ మార్చుకుని ఇంట్లోనే ఉంది. దేవవ్వ చాట లేకుండా వచ్చింది. వచ్చి కూర్చుంది కానీ, కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. కొంగు అంచు నలిపింది, చాప పుల్లలు పీకింది, లేచి నీళ్లు తాగింది, మళ్లీ కూర్చుని గాజులు తిప్పుకుంది. నలభై ఏళ్లలో ఒక్కరోజు ఖాళీగా ఉండని చేతులు.

"అమ్మమ్మా, జర కుదురుగ కూసో. టీచర్ తిడుతది" అంది హన్విక.

భాగ్యకు నవ్వొచ్చింది. లేచి వెళ్లి, మిగిలిపోయిన ఆకు ముక్కలు తడిపి తెచ్చింది. తవుడు గిన్నె ముగ్గురి మధ్యా పెట్టింది. తను చుడదామని కాదు. కానీ పక్కన రెండు జతల చేతులు ఆడుతుంటే, ఆమె చెయ్యి దానంతటదే ఒక ఆకు అందుకుంది. పెళ్లై తొమ్మిదేళ్లయింది ఆకు ముట్టి. వేళ్లు ఒక్కటీ తడబడలేదు.

పరీక్ష మొదలైంది. నెలల పేర్లు చెప్పింది హన్విక, పద్యం చెప్పింది, మూడు ఎక్కాలు చెప్పింది. టీచరు, "హన్విక, ఎనిమిది ఏడులు?" అంది.

"యాభై ఆరు."

చెప్పింది హన్విక కాదు. ఆకు చుడుతూ చుడుతూ భాగ్య చెప్పేసింది.

"మమ్మీ, మీరు కాదు, పాప చెప్పాలె" అని టీచరు అటునుంచే వీళ్ల మైకు మూసేసింది. కాసేపటికి తెరిచి ఇంకో లెక్క అడిగింది. హన్విక తల్లి వైపు గుర్రుగా చూసి, చేతులు ఆపకుండానే సరిగ్గా చెప్పింది. పరీక్ష పాసైందని అప్పుడే చెప్పేశారు. పిల్ల ఫోను వదిలేసి, కొమురవ్వ మేకకు చెప్పి రావడానికి ఉరికింది.

తల్లీ కూతుళ్లు ఇద్దరే మిగిలారు. దేవవ్వ భాగ్య మొహంలోకి చూస్తోంది. "నీకు ఇంక యాదికున్నయా బిడ్డా?"

"పదహారు దాంక అప్పజెప్పిన. పదిహేడు గూడ వచ్చు. తెల్లారి చెప్పేదుండె."

దేవవ్వ చేతిలోని ఆకును గిన్నె పక్కన పెట్టేసింది. "పది రోజులే అనుకున్ననే. నిన్ను మోసం జెయ్యాలని అన్లేదు. నిజంగ పది రోజులే అనుకున్న."

ఇరవై ఒక్క ఏళ్లు అడగని ప్రశ్నకు జవాబు అడక్కుండానే వచ్చింది. భాగ్య తల్లి చేతుల వంక చూసింది. అబద్ధం చెప్పేటప్పుడు కొంగు వెతుక్కునే చేతులు, ఒళ్లో కదలకుండా ఉన్నాయి.

తవుడు గిన్నె తల్లి వైపు జరిపింది. "పదిహేడో ఎక్కం చెప్త. ఇంటవా?"

దేవవ్వ ఒక ఆకు తీసుకుని చుట్టడం మొదలుపెట్టింది.